పెరటి ద్రాక్ష పుల్లగా, చిన్నగా ఉంటోంది. కారణమేమిటి?

ప్రశ్న:
మా ఇల్లు హైదరాబాద్ శివారులో ఉంది. పెరట్లో పందిరిపై పాకించిన అనాబ్-ఎ-షాహి రకం ద్రాక్ష తీగ ఈ ఏడాది విరగకాసింది. కానీ కాయలు చిన్నవిగా, పుల్లగా ఉన్నాయి. ఒకే గుత్తిలో కొన్ని పండితే మరికొన్ని పచ్చిగానే మిగిలాయి. ఏటా అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తాము, రోజూ నీళ్లు పెడతాము, నెలనెలా యూరియా వేస్తాము. ఆకు మాత్రం దట్టంగా ఉంది. ఇంకే ఎరువు వేయాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు:
అయ్యా, మీ తీగకు తిండి తక్కువ కాలేదు. కాపు ఎక్కువై, ఎండ తక్కువైంది. చలిదేశాల్లో ద్రాక్ష శీతాకాలంలో ఆకు రాల్చి విశ్రమిస్తుంది కనుక అక్కడ ఏడాదికి ఒక కత్తిరింపు సరిపోతుంది. మన దక్కనులో తీగకు ఆ విశ్రాంతి దొరకదు కాబట్టి రైతులు రెండుసార్లు కత్తిరించి ఒక్క పంట తీస్తారు. కోత ముగిశాక ఏప్రిల్‌లో కొమ్మలను ఒకటి రెండు కన్నులకు (చిగురు పుట్టే మొగ్గలకు) కుదిస్తే, కొత్తగా వచ్చే రెమ్మల కన్నుల్లో, వెలుతురు బాగా తగిలినప్పుడే, రాబోయే పంటకు కావలసిన పూమొగ్గలు రూపుదిద్దుకుంటాయి. అక్టోబరు కత్తిరింపు వాటిని చిగురింపజేస్తుంది, అంతే.

యూరియా పూర్తిగా ఆపండి. నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి నీడ కమ్ముతుంది, బూడిద తెగులు కూడా సులువుగా పట్టుకుంటుంది. పిందె దశలో రెమ్మకు ఒక్క గుత్తిని మాత్రమే ఉంచి మిగిలినవి తీసేయండి. మనసొప్పకపోయినా ఈ పని తప్పనిసరి, ఎందుకంటే ఉన్న ఆకులు తయారుచేసే చక్కెర అన్ని గుత్తులకూ చాలదు.

మరొకరి జవాబు:
పై సలహాతో ఏకీభవిస్తాను. కాయలు పండే దశలో నీళ్లు బాగా తగ్గించండి. ద్రాక్ష కోశాక మాగదు కాబట్టి తొందరపడి కోయకండి. గుత్తి కొనన ఉన్న కాయలు చివరగా పండుతాయి. వాటిని రుచి చూసి, అవి కూడా తీపెక్కాకే గుత్తిని కోయండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఇప్పుడు జూన్ నడుస్తోంది కదా, ఏప్రిల్ కత్తిరింపును ఇప్పుడు చేయవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దండి. ఇప్పుడు మొదలంటా కత్తిరిస్తే, పూమొగ్గలు ఏర్పడవలసిన కాలంలో మబ్బులు పట్టి కాపు బాగా తగ్గుతుంది. బలహీనమైన రెమ్మలను, ఒకదానిపై ఒకటి పడినవాటిని మాత్రమే తీసి, పందిరి కిందికి ఎండ చారలుగా పడేలా చూడండి. అక్టోబరులో ముదిరిన కొమ్మలను ఐదారు కన్నుల వద్ద కత్తిరించండి. వచ్చే ఏప్రిల్ నుంచి రెండు కత్తిరింపుల పద్ధతిలోకి రండి.