కాఫీ తాగితే చెయ్యి వణుకుతోంది, మానేస్తే పని సాగట్లేదు

అంకెలమనిషి:

నా పని బిల్లులూ ఖాతాలూ సరిచూడటం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు స్క్రీన్లు, రెండు పట్టికలు. ఎడమ పక్కనున్న అంకె కుడి పక్కన ఉందా లేదా అని చూసుకుంటూ పోవాలి, అంతే. పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు, చూపు తేలిపోకుండా ఉంటే చాలు. ఆ ఒక్కదాని కోసమే పదకొండేళ్ళుగా కాఫీ తాగుతున్నాను.

రోజుకు ఐదు కప్పులు. లేవగానే ఒకటి, పని మొదలుపెట్టే ముందు ఒకటి, తర్వాత పదకొండున్నరకు, మూడింటికి, ఐదున్నరకు. కొన్నాళ్ళుగా గుండె దడ, పొట్టలో మంట. మౌస్ పట్టుకుంటే చెయ్యి సన్నగా వణుకుతోంది, ఒక గడి మీద నొక్కబోతే పక్క గడి మీద పడుతోంది. రాత్రి పన్నెండు దాటినా కునుకు రాదు. పొద్దున మొద్దులా లేస్తాను. లేచి చేసే మొదటి పని మళ్ళీ కాఫీయే.

పోయిన నెలాఖరులో 6,390 ఉండాల్సిన చోట 6,930 ఉంది. మూడుసార్లు చూసి మూడుసార్లూ దాటేశాను. మొత్తంలో తేడా 540. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే రెండు అంకెలు తారుమారయ్యాయేమో చూడాలని ఈ పనిలో చేరిన మొదటి వారమే నేర్పుతారు. అది నాకు తట్టడానికి గంటన్నర పట్టింది. భయమేసింది.

ఆ సోమవారమే కాఫీ పూర్తిగా మానేశాను. సాయంత్రానికి తల దిమ్ముగా ఉంది. మంగళవారం పగిలిపోయింది. తలనొప్పి మాత్రలు రెండు వేసుకుంటే కాసేపట్లో హాయిగా అనిపించింది. శుక్రవారం దాకా రోజూ అంతే, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. మాత్రల మీద బతకడం కంటే కాఫీ నయమనిపించి శుక్రవారం సాయంత్రం ఓడిపోయాను.

ఇలాంటి పని కాఫీ లేకుండా చేసేవాళ్ళు ఎలా చేస్తున్నారు? నీళ్ళు తాగమనీ ధ్యానం చేయమనీ మాత్రం చెప్పొద్దు. రెండూ అయ్యాయి. ధ్యానంలో నిద్రపోయాను.

చల్లారిన_కప్పు:

ముందు ఆ మాత్రల అట్ట తిప్పి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. నేను మందుల కౌంటర్ వెనక పనిచేస్తాను, అందుకే నా కన్ను నేరుగా అక్కడే పడింది. పారాసిటమాల్‌తో పాటు కెఫీన్ కలిపిన తలనొప్పి మాత్రలు చాలా ఉన్నాయి. మామూలుగా ఒక్కో మాత్రలో 65 మిల్లీగ్రాములు ఉంటుంది. మీవీ అవే అయితే రెండు మాత్రలకు 130. ఓ మోస్తరు కప్పు ఫిల్టర్ కాఫీలో ఉండేది సుమారు 95. అంటే ఆ వారం మీరు కాఫీ మానారే గానీ కెఫీన్ మానలేదు. మానేశాక తలనొప్పి సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ముదిరి, రెండు నుంచి తొమ్మిది రోజుల్లో తగ్గిపోతుంది. మీరు దానికి రోజూ రెండుసార్లు మేత వేస్తూ పోయారు, ఇక తగ్గేదెలా?

ఇంకో మాట. కెఫీన్ ఒంటికి కొత్తగా శక్తేమీ ఇవ్వదు. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది వెళ్ళి కూర్చోవాల్సిన చోట్లలో కూర్చుంటే మనకు నిద్రొస్తుంది. కెఫీన్ ముందే వెళ్ళి ఆ కుర్చీల్లో కూర్చుంటుంది. అడెనోసిన్ ఎక్కడికీ పోదు, బయట నిలబడే ఉంటుంది. కెఫీన్ లేచిపోగానే అంతా ఒకేసారి లోపలికి తోసుకొస్తుంది. రోజూ తాగేవాళ్ళలో మెదడు ఆ కుర్చీలు పెంచుకుంటుంది కూడా, కాబట్టి పొద్దున మొదటి కప్పుతో మీకొచ్చే హుషారులో చాలా భాగం రాత్రంతా తాగని లోటు తీరడమే.

నిద్ర సంగతి. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. మీ ఐదున్నర గంటల కప్పులో సగం రాత్రి పదిన్నరకు ఇంకా ఉంటుంది, పావు వంతు తెల్లవారుజాము మూడున్నరకు. నిద్రకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే గంటకు పైగా నిద్ర తగ్గిందని 2013లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. అయితే ఈ లెక్క అందరికీ ఒకటి కాదు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో కెఫీన్ దాదాపు రెట్టింపు సేపు ఉంటుంది. పొగతాగేవాళ్ళలో తొందరగా పోతుంది. అందుకే సిగరెట్ మానేసినవాళ్ళు, పాత లెక్కలోనే కాఫీ తాగుతున్నా ఉన్నట్టుండి దడ వస్తోందంటూ మా దగ్గరికి వస్తారు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు 400 వరకు ఫరవాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. గర్భిణులకు 200. మీవి ఐదు కప్పులు, 475 దాకా లెక్క తేలుతోంది.

ఒక్కసారిగా మానొద్దు. చివరి కప్పు ముందు తీసేయండి. నాలుగైదు రోజులాగి దాని ముందుది. తలనొప్పి వస్తే కెఫీన్ లేని మాత్ర అడిగి తీసుకోండి, అదీ రోజూ కాదు.

మూడో_షిఫ్టు:

నేను అచ్చుకు వెళ్ళే పేజీలు దిద్దుతాను. మీ జబ్బే నాదీ, మీకు అంకెలు, నాకు అక్షరాలు. నేను కాఫీ మానలేదు, రెండు కప్పులకు దిగాను. దిగేటప్పుడు ఒక సంగతి తెలిసింది: మూడు గంటల కప్పులో నాకు పనికొచ్చింది కాఫీ ఒక్కటే కాదు, కుర్చీలోంచి లేవడం. కప్పు పట్టుకుని కిటికీ దగ్గర ఎనిమిది నిమిషాలు దూరంగా చూస్తూ నిలబడేవాణ్ణి. కప్పు తీసేసినప్పుడు ఆ ఎనిమిది నిమిషాలు కూడా తీసేశాను, సాకు లేకుండా లేవడం మొహమాటంగా ఉండేది మరి. వారం రోజులు తప్పుల మీద తప్పులు. కప్పు లేకుండానే లేవడం మొదలుపెట్టాక కుదుటపడింది.

మధ్యాహ్నం కూరుకుపోవడాన్ని తిండి మీదకు నెట్టేస్తాం. తిండి దాన్ని పెంచుతుంది, నిజమే, కానీ తినకపోయినా అది వస్తుంది. అది ఒంటి గడియారం పని. దానితో కుస్తీ పట్టకండి. తప్పు దొర్లితే కొంప మునిగే పని పొద్దున పెట్టుకోండి. ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా ఫైళ్ళు సర్దడం, ఫోన్లు, జవాబులు రాయడం. వీలుంటే పదిహేను నిమిషాల కునుకు, అలారం పెట్టుకుని. నలభై ఐదు నిమిషాలు పడుకుంటే గాఢనిద్ర మధ్యలో లేచి ఇంకో అరగంట మొద్దుగా తిరుగుతారు.

ఇక చూపు జారడం గురించి. ఒకే రకం వరసలను ఇరవై ఐదు నిమిషాల పైన చూస్తే నా కన్ను ‘ఉండాల్సింది’ చూస్తుంది, ‘ఉన్నది’ చూడదు. ఎన్ని కప్పులు తాగినా అంతే. అందుకని కింది నుంచి పైకి చదువుతాను. అనుమానమున్న పేజీ పెదవులు కదుపుతూ గొణుక్కుంటాను (పక్క సీటువాళ్ళు మొదట్లో నవ్వేవారు, ఇప్పుడు వాళ్ళూ గొణుగుతున్నారు). స్క్రీన్ మీద ఒక స్కేలు ఆనించి వరస వరసకూ జరుపుకుంటాను. మీ 6,930ని ‘ఆరు, తొమ్మిది, మూడు, సున్నా’ అని పైకి చదివి ఉంటే దొరికేదని నా పందెం.

పలచని_టీ:

గ్రీన్ టీకి మారండి. అందులో థియానిన్ అనే పదార్థం ఉంటుంది, దడ రాదు.

చల్లారిన_కప్పు:

టీతో దడ తగ్గడానికి మొదటి కారణం కప్పులో కెఫీన్ ఇంచుమించు సగమో అంతకన్నా తక్కువో ఉండటం. థియానిన్ కెఫీన్‌తో కలిస్తే ఏకాగ్రత కాస్త మెరుగైందని చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి, కానీ వాటిలో వాడింది ఒక కప్పు టీలో దొరికేదానికన్నా చాలా ఎక్కువ. రుచి నచ్చితే తాగండి. ఐదు కప్పుల కాఫీని పది కప్పుల టీ చేసుకుంటే మాత్రం మళ్ళీ ఇక్కడికే వస్తారు.

నిద్రకు_మొక్కు:

ఇంతమంది ఇన్ని చెప్పారు, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మీరు గురక పెడతారా? పొద్దున నోరు ఎండిపోయి లేస్తారా? ఎనిమిది గంటలు పడుకున్నా మొద్దుగానే ఉంటే అది కాఫీ తగ్గిస్తే పోయేది కాదు, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో పరీక్ష చేయించుకోవాలి. నా కథ వేరు. మూడేళ్ళు నన్ను నేను బద్ధకస్తురాలినని తిట్టుకుంటూ కప్పు మీద కప్పు తాగేదాన్ని. చివరికి రక్తపరీక్షలో ఐరన్ అడుగంటిపోయిందని తేలింది. తిండితో పాటు తాగే కాఫీ, టీ ఆ తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవని డాక్టర్ చెబితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీరసం పోవడానికి తాగినదే నీరసాన్ని పెంచింది! ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. దడతో పాటు ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఇక్కడ జవాబుల కోసం చూస్తూ కూర్చోకండి, వెంటనే వెళ్ళండి.

అంకెలమనిషి:

ఆరు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి.

అట్ట తిప్పి చదివాను. 65. పదకొండేళ్ళుగా ఇతరుల లెక్కలు సరిచూస్తున్న మనిషిని, నా మాత్రల అట్ట చదవలేదు.

ఐదున్నర గంటల కప్పు తీసేయడం తేలిగ్గానే అయింది. మూడు గంటలది తీసేటప్పుడు నాలుగు రోజులు అందరి మీదా చిరాకుపడ్డాను. ఇప్పుడు రెండే, లేచాక ఒకటి, పదిన్నరకు ఒకటి. నిద్ర పదకొండుకల్లా వస్తోంది. చెయ్యి వణకడం పోయింది. పొట్టలో మంట తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రక్తపరీక్షలో తేడా ఏమీ లేదు. గురక లేదని ఇంట్లోవాళ్ళ హామీ.

మధ్యాహ్నం రెండింటికి ఇప్పటికీ మనిషిని కాను. ఆ వేళకు ఫైళ్ళు పెట్టుకున్నాను. మూడింటికి ఖాళీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తున్నాను, ఎవరైనా అడిగితే తాగేశానని చెబుతున్నాను. స్కేలు స్క్రీన్ మీద గీతలు పెడుతోంది, అట్టముక్క వాడుతున్నాను.

ఈ నెలాఖరున తేడా 270 వచ్చింది. తొమ్మిదితో పోతుందని చూడగానే తట్టింది. ఆ వరస ఎక్కడుందో దొరకడానికి మాత్రం నలభై నిమిషాలు పట్టింది. గొణిగితేనే దొరికింది.

ఒక్కటి అర్థం కావట్లేదు. పనిరోజుల్లో బాగానే ఉంటోంది, సెలవు రోజున మాత్రం పది దాటేసరికి తలనొప్పి. ఏ టెన్షనూ లేని రోజున ఇదేంటి?

చల్లారిన_కప్పు:

సెలవు రోజున ఎన్నింటికి లేస్తున్నారు?

అంకెలమనిషి:

తొమ్మిదిన్నరకు. మామూలుగా ఆరుకి. అర్థమైంది లెండి.