యంత్రం అమ్మే కంపెనీ సేవలు అమ్మాలంటే ముందు మారాల్సింది టెక్నాలజీయా, కంపెనీయా?

ప్రశ్న
ఇంజిన్లు, లిఫ్టులు, డ్రిల్లింగ్ మిషన్లు చేసే కంపెనీలు ఇప్పుడు "వాడినంతకే కట్టండి, రిపేర్లు మావి" అంటున్నాయి. ఇదంతా సెన్సర్ల పుణ్యమే అని నా వాదన. ఆకాశంలో ఉన్న ఇంజిన్ పరిస్థితి కింద తెలియకపోతే అంత ధైర్యం ఎవరు చేస్తారు?

జవాబు 1
చేశారండీ, అదీ 1962లో. బ్రిటన్‌లోని బ్రిస్టల్ సిడ్లీ సంస్థ ఒక చిన్న బిజినెస్ జెట్‌లో వాడే వైపర్ ఇంజిన్లకు, ఎగిరిన గంటకు ఇంత అని తీసుకుని మరమ్మతులూ విడిభాగాలూ తనే చూసుకుంది. అప్పటికి ఇంటర్నెట్ ఊసే లేదు. 1966లో ఆ సంస్థను విమాన ఇంజిన్లు చేసే రోల్స్‌రాయిస్ కొన్నది. తర్వాత ఇదే పద్ధతిని పెద్ద ఇంజిన్లకూ తెచ్చింది.

మారింది లెక్క. అంతకుముందు ఇంజిన్ చెడితే తయారీదారుకు స్పేర్ పార్టుల ఆదాయం. ఈ ఒప్పందంలో చెడితే నష్టం. ఇక డిజైన్ వాళ్లు సర్వీసు వాళ్ల మాట వినక తప్పదు.

నిర్మాణ పనులకు డ్రిల్లుల వంటి పనిముట్లు చేసే హిల్టీ కంపెనీని చూడండి. 2000లో స్విట్జర్లాండ్‌లో తన పనిముట్లను నెలవారీ రుసుముకు ఇవ్వడం మొదలుపెట్టింది. డ్రిల్ పాతదే. మారాల్సి వచ్చింది సేల్స్ మనిషి. సైట్‌లో మేస్త్రీకి మిషన్ చూపించి అమ్మే అలవాటున్నవాడు, ఆఫీసులో ఫైనాన్స్ మేనేజర్‌తో ఒప్పందం మాట్లాడాలి. ఇన్సెంటివ్ మాత్రం అమ్మిన మిషన్ల లెక్కనే ఇస్తే ఆ పని ఎవరు చేస్తారు? సర్వీసు ఇంజినీర్‌ను ఇప్పటికీ ఖర్చు కింద రాసుకునే కంపెనీలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

జవాబు 2
ఇద్దరూ రిస్క్ సంగతి వదిలేశారు. 2020లో కోవిడ్ వల్ల విమానాలు ఆగాయి. ఎగిరే గంటలు లేవు కాబట్టి రోల్స్‌రాయిస్‌కు ఆ రాబడీ పడిపోయింది. మే నెలలో కనీసం 9,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. గంటల మీద బతికే కంపెనీకి చేతిలో నిల్వ డబ్బు కూడా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు
నిజమే. కానీ ఏ భాగం ఎప్పుడు చెడుతుందో డేటా లేకుండా గంటకు ధర ఎలా కడతారు?

జవాబు 1
డేటా కావాలి, కాదనను. అమెరికా యంత్రాల కంపెనీ జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) దగ్గర లేనిదా? 2015లో జీఈ డిజిటల్ అని ప్రత్యేక విభాగమే పెట్టి, యంత్రాల డేటాను సేకరించి విశ్లేషించే ప్రెడిక్స్ సాఫ్ట్‌వేర్ మీద విపరీతంగా ఖర్చుపెట్టింది. కానీ 2018 చివరికల్లా ఆ వ్యాపారాన్ని వేరే కంపెనీగా పెడతామంది. ఇంజిన్లు, టర్బైన్లు అమ్మే విభాగాలు తమ పాత లాభనష్టాల లెక్కల్లోనే ఉండగా, పక్కన ఇంకో విభాగం పెడితే సేవలు పుట్టుకొస్తాయా? నాకు నమ్మకం లేదు.