నోయిడా జంట హత్యలు: గంటస్తంభం దగ్గరి తీర్పులు

ప్రశ్న (విజయనగరం):
గంటస్తంభం దగ్గర టీ కొట్టులో కూర్చునే మా మిత్రులు, ఒక బాలికా, ఆ ఇంటి పనిమనిషీ హతులైన 2008 నాటి నోయిడా జంట హత్యల మీద వీడియోలు చూసి, బాలిక తల్లిదండ్రులే దోషులని తేల్చేశారు. 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు వారిని నిర్దోషులుగా ప్రకటించిందని చెబితే, "సాక్ష్యం చాలక వదిలేశారంతే" అంటున్నారు. వీరికి ఏమని బదులు చెప్పాలి?

జవాబు (శ్రీకాకుళం):
మాస్టారూ, ఆ కేసు మొదటి రెండు రోజుల కథే చెప్పండి. మే 16న బాలిక శవం కనబడగానే, ఇంట్లో కనిపించని పనిమనిషే చంపి పారిపోయాడని అనుమానించారు. మరునాడు అతని శవం ఆ ఇంటి డాబా మీదే దొరికింది. ఇల్లంతా ఎదుట ఉన్న పోలీసులే డాబా తలుపు తెరిపించలేదు, మరి ఫోనులో ఇంటి పటం చూసినవారికి ఏం తెలుస్తుంది?

జవాబు (బొబ్బిలి):
అనుమానించడమే తప్పని నేననను. సాక్ష్యం చాలదని సీబీఐ 2010లో కేసు మూసివేతకు నివేదిక ఇచ్చినా, ఘజియాబాద్ కోర్టు దానిని తోసిపుచ్చి విచారణ జరిపించింది, 2013లో యావజ్జీవ శిక్ష కూడా పడింది.

జవాబు (శ్రీకాకుళం):
నిజమే బాబూ, ఆ శిక్షనే హైకోర్టు రద్దు చేసింది. ప్రత్యక్ష సాక్షి లేనప్పుడు పరిస్థితులనుబట్టి అల్లిన సాక్ష్యాల గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదనీ, నిందితుడు కాక మరొకరు చేసి ఉండే అవకాశం మిగలకూడదనీ శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. కనుక "సాక్ష్యం చాలలేదు" అన్నది చిన్న మాట కాదు.