చెల్లెలి పెండ్లి పత్రిక: పసుపు నిలిచే కాగితం ఏది?

మాది కడప. మాఘమాసంలో మా చెల్లెలి పెండ్లి. నాయన లేడు, పత్రికల పని నేనే చూస్తున్నా. 400 పత్రికలు, జతగా తాంబూలం సంచులు, మండపం ముందర పెట్టే పేర్ల బోర్డు అన్నీ ఒకే డిజైన్‌లో ఉండాలని నా ఆశ.

చిక్కంతా కాగితంతోనే. చెల్లెలికి ముదురు మెరూన్ మీద బంగారు ఫాయిల్ అచ్చు నచ్చింది. శాంపిల్ తెచ్చి నాలుగు మూలలా పసుపు పెడితే లామినేషన్ మీద నిలవలేదు, ఆరినాక పొడిపొడిగా రాలిపోయింది. అమ్మ ముఖం చిన్నబోయింది. తొలి పత్రిక దేవుని కడప స్వామి పాదాల దగ్గర పెడతాం కదా, పసుపు అంటని పత్రిక ఎట్లా పెట్టేది అంటుంది. నాకూ ఆమె మాటే న్యాయం అనిపిస్తుంది.

లామినేషన్ లేని 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మీగడ రంగు కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో మెరూన్, బంగారు రంగులు వేయిస్తే బాగుంటుందా? మడత దగ్గర పగలకుండా ముందే గీత నొక్కించాలా? శివకాశి నుంచి నేరుగా తెప్పించుకున్నోళ్లు ప్రూఫు (అచ్చుకు ముందు తప్పులు సరిచూసుకునే నమూనా) ఎట్లా చూసుకున్నారు? మా అన్న పెండ్లి పత్రికలో తాత పేరుకు ఒత్తు పోయింది, అది ఇప్పటికీ బాధే. సంచి గుడ్డ మీద కూడా అదే మెరూన్ వస్తుందా?

చేయించిన అనుభవం ఉన్న అన్నలు, అక్కలు కొంచెం చెప్పండి. ఈ వారంలోనే అడ్వాన్సు ఇయ్యాల.