అడ్రినల్ గ్రంథికి నాడుల ఆజ్ఞ ఎలా చేరుతుంది?

ప్రశ్న (బెంగళూరు):
నిన్న సాయంత్రం సిల్క్ బోర్డ్ కూడలిలో ఒక ఆటో నా స్కూటరుకు అడ్డం వచ్చినప్పుడు, ఏం జరిగిందో అర్థమయ్యేలోపే గుండె దడదడలాడింది. హార్మోన్లు నిదానంగా పనిచేస్తాయని చదువుకున్నాను. మరి అడ్రినలిన్ ఇంత వేగంగా ఎలా విడుదలవుతుందో ఎవరైనా వివరించగలరా?

జవాబు 1:
మూత్రపిండం పైన ఉండే అడ్రినల్ గ్రంథి లోపలి భాగమైన మెడుల్లాను దారి మార్చుకున్న నాడీకణాల సమూహం అనవచ్చునండి. వెన్నుపాము నుంచి బయలుదేరిన సింపథెటిక్ తంతువులు (ఆపద వేళ శరీరాన్ని సిద్ధం చేసే నాడులు), మధ్యలో మరో నాడీకణానికి సందేశం అప్పగించకుండా, నేరుగా అక్కడ హార్మోన్‌ను స్రవించే క్రోమాఫిన్ కణాలను చేరి అసిటైల్‌కోలిన్ అనే నాడీ సందేశ రసాయనాన్ని విడుదల చేస్తాయి; దాంతో కాల్షియం అయాన్లు కణంలోకి ప్రవేశించి, ముందే తయారై చిన్న సంచుల్లో నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి వెలువడుతుంది. అందులో సుమారు 80 శాతం అడ్రినలిన్, మిగిలినది చాలావరకు దాన్ని పోలిన నార్‌అడ్రినలిన్.

జవాబు 2:
పై వివరణ సరైనదే కానీ, ఒక చిన్న సవరణ. ఆ తొలి క్షణాల దడకు ప్రధాన కారణం గుండెకు నేరుగా వెళ్లే సింపథెటిక్ నాడులే. అడ్రినలిన్ ఆ ప్రభావాన్ని మరికొన్ని నిమిషాలు పొడిగిస్తుంది.

జవాబు 3 (చెన్నై):
వెలుపలి పొర అయిన కార్టెక్స్ సంగతి వేరు. మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ ద్వారా దాని కిందున్న పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్ ద్వారా కార్టెక్స్‌ను ప్రేరేపించాకే కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ కొత్తగా తయారవుతుంది కనుక నిమిషాలు పడుతుంది. నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది ఏమిటంటే, ఆ కార్టిసోల్ పక్కనే ఉన్న మెడుల్లాకు చేరి, నార్‌అడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్ ఉత్పత్తిని పెంచుతుంది.