నిషికసాయ్‌లో ఇల్లు: స్టేషన్‌కి ఏ వైపు, ఎన్నో అంతస్తు?

బెజవాడమ్మాయి

మావారికి టోక్యో బదిలీ అయింది, ఆఫీసు ఓతెమాచిలో. బాబుకి ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఎవర్ని అడిగినా "నిషికసాయ్‌లో దిగండి, మనవాళ్ళంతా అక్కడే" అంటున్నారు. కానీ ఆ ఏరియా పల్లం అని కూడా విన్నాను. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మీకు చెప్పనక్కర్లేదు. మళ్ళీ పల్లంలోకే వెళ్ళాలా? అడ్వాన్సులు ఎంత అడుగుతారు, స్కూలు ఏది, వంటింటికి ఏం తీసుకెళ్ళాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కట్టమీదిల్లు

పల్లమే అండీ. నిషికసాయ్ ఉండేది ఎదోగావా వార్డులో. ఆ వార్డు నేలలో సుమారు 70 శాతం సముద్రం పోటుమీద ఉన్నప్పటి నీటిమట్టం కన్నా కిందే ఉంటుంది. పడమట అరకావా నది, తూర్పున పాత ఎదోగావా నది, దక్షిణాన టోక్యో అఖాతం. కృష్ణలంకలో రిటైనింగ్ వాల్ వెనకున్న వీధుల్ని తలుచుకోండి, అక్కడ వార్డు వార్డంతా అలా కట్టల వెనకే ఉంది. ఫ్యాక్టరీలు దశాబ్దాలపాటు భూగర్భజలం తోడేయడంతో నేల కుంగింది. తోడటం ఆపాక కుంగడం ఆగింది గానీ, దిగిన నేల మళ్ళీ లేవదు కదా.

2019లో వార్డు ఆఫీసు ఇంటింటికీ పంచిన వరద మ్యాపు అట్టమీద, సరిగ్గా ఎదోగావా వార్డు బొమ్మ మీదే, "ఇక్కడ ఉండకూడదు" అని అచ్చువేశారు. పెద్ద తుపాను వస్తోందని చెప్పినప్పుడు మేడ మీదకెక్కి కూర్చోవద్దు, ముందే వార్డు దాటి ఎత్తు ప్రాంతానికి వెళ్ళమని దాని అర్థం. కట్ట తెగితే నీళ్ళు ఒకటి రెండు వారాలు, కొన్నిచోట్ల అంతకు మించి నిలుస్తాయని ఆ మ్యాపే చెప్తుంది. అన్నాళ్ళు కరెంటు, మంచినీళ్ళు, టాయిలెట్ లేకుండా ఐదో అంతస్తులో ఉండటం ఎంత కష్టమో సింగ్‌నగర్ వాళ్ళకి నేను చెప్పేదేముంది. అయితే ఇది ఏటా వచ్చే ముంపు కాదు. ఆ వార్డును నది అంతగా ముంచింది 1947 కాథ్లీన్ తుపానులో. ఆ తర్వాత కట్టలు, పంపులు బాగా పెరిగాయి.

ఇక వైపు సంగతి. స్టేషన్ చుట్టూ, ఉత్తరాన ఉన్నది పాత నేల, అది పల్లం. దక్షిణంగా నడుచుకుంటూ పోతే సెయిషిన్‌చో వస్తుంది. ఒకప్పుడు అది సముద్రం, జాలర్లు అక్కడ నోరి నాచు పెంచేవాళ్ళు. 1962లో వాళ్ళు చేపల హక్కులు వదులుకున్నాక, 70ల్లో పూడ్చారు. పోసిన మట్టి కాబట్టి పాత ఊరికన్నా ఎత్తు. కానీ పోసిన నేలకి వేరే గండం ఉంది. గట్టి భూకంపానికి నీళ్ళూ ఇసకా కలిసి బురదై పైకి ఎగదన్నుతాయి. 2011 మార్చిలో పక్కనున్న ఉరయాసులో రోడ్లు, ఇళ్ళు ఒరిగింది ఇలాగే. అందుకే ఏ వైపైనా సరే, లోతుగా పైల్స్ వేసిన పెద్ద కాంక్రీటు బిల్డింగు, మూడో అంతస్తు లేదా ఆపైన చూడండి. 1981 జూన్‌లో భూకంప నిబంధనలు మారాయి, బిల్డింగు అనుమతి అంతకు ముందుదా తర్వాతదా అని తప్పక అడగండి. గ్రౌండ్ ఫ్లోర్ అద్దె తక్కువని మాత్రం మోజుపడకండి.

లీజుపేపర్లు

డబ్బు విషయం. నెల అద్దె 1,20,000 యెన్లు అనుకుందాం. ప్రైవేటు ఇల్లయితే మామూలుగా డిపాజిట్ ఒక నెల, రెయికిన్ ఒక నెల (ఇది ఓనరుకి కానుక, తిరిగి రాదు), బ్రోకరుకి పన్నుతో కలిపి 1.1 నెల, అద్దెకి పూచీ పడే హామీ కంపెనీకి సగం నెల, ముందస్తు అద్దె ఒక నెల. మొత్తం 4.6 నెలలు, అంటే 5,52,000. రెండేళ్ళకోసారి రెన్యువల్‌కి ఇంకో నెల అద్దె.

యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ ఇళ్ళకైతే రెయికిన్ లేదు, బ్రోకరు లేడు, హామీదారు అక్కర్లేదు, రెన్యువల్ రుసుమూ లేదు. రెండు నెలల డిపాజిట్, అంటే 2,40,000, దానికి తోడు చేరిన రోజు నుంచి నెలాఖరు దాకా అద్దె, కామన్ ఛార్జీలు. మనవాళ్ళు నిషికసాయ్‌లో స్థిరపడటానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య కోసం ఇంజినీర్లు వచ్చినప్పుడు చాలామంది ఓనర్లు విదేశీయులకు ఇళ్ళివ్వలేదు. యూఆర్ ఇచ్చింది. పైగా నిషికసాయ్ మీదుగా పోయే తోజాయ్ మెట్రో లైన్ ఎక్కితే నేరుగా ఆఫీసులు. 1978లోనే వచ్చిన తేయాకు వ్యాపారి జగ్మోహన్ చంద్రాణి ఆ కుర్రాళ్ళకి ఇళ్ళు, తిండి చూసిపెట్టిన పెద్దమనిషి.

స్టేషన్ దగ్గర కోజిమాచో 2-చోమె కాలనీ, దక్షిణాన కసాయ్ క్లీన్ టౌన్, రెండూ యూఆర్‌వే. కుటుంబానికి అద్దె 82,500 నుంచి 2,00,000 లోపైతే నెల జీతం 3,30,000 ఉండాలి. చాలామంది తడబడేది ఇక్కడే: యూఆర్‌కి కుటుంబం అందరి నివాస పత్రం కావాలి, కొత్తగా దిగినవాళ్ళకి అడ్రసే ఉండదు. కాబట్టి మొదటి నెల కంపెనీ ఫ్లాటులో లేదా నెలవారీ అద్దె గదిలో ఉండి, అక్కడ దిగిన 14 రోజుల్లోపు ఆ అడ్రసు వార్డు ఆఫీసులో నమోదు చేయించండి. నిషికసాయ్‌లోకి మారాక మళ్ళీ 14 రోజుల్లోపు చేయించాలి, దానికి నాకకసాయ్‌లోని కసాయ్ శాఖకు వెళ్తే చాలు. ఖాళీలు ముందొచ్చినవాళ్ళకే, ఇల్లు చూసిన రోజే అప్లై చేసేట్టు కాగితాలన్నీ చేతిలో ఉంచుకోండి.

ఇంకోటి, యూఆర్ ఇల్లు చాలావరకు గోడలే. లైట్లు, కర్టెన్లు, గ్యాసు స్టవ్ మీరే పెట్టుకోవాలి, ఏసీ కూడా ఉందో లేదో చూసుకోవాలి.

బెజవాడమ్మాయి

చాలా థాంక్స్ అండీ, కళ్ళు తెరిపించారు. మరి మిక్సీ, గ్రైండరు ఇక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చా? పచ్చళ్ళు?

రోటిపచ్చడి

మన మిక్సీ అక్కడ తిరగదమ్మా. టోక్యోలో కరెంటు 100 వోల్టులు, 50 హెర్ట్జ్. మన 230 వోల్టుల మోటారు మూలిగి ఊరుకుంటుంది, అలాగే నొక్కి పట్టుకుంటే వైండింగ్ కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడదామంటే 750 వాట్ల మిక్సీకి మొదటి జోరు తట్టుకునేలా 1500 వాట్లది కావాలి, గోడ ప్లగ్గు పరిమితి కూడా అంతే. అదే సర్క్యూట్ మీద రైస్ కుక్కరు నడుస్తుంటే బ్రేకర్ పడిపోతుంది. అమెరికా వెళ్ళేవాళ్ళకోసం చేసే 110 వోల్టుల మిక్సీ కొనుక్కోండి. కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, పిండి మాత్రం బాగానే వస్తుంది.

స్టవ్ అక్కడే కొనండి. కొనేముందు వెనక అతికించిన స్టిక్కరు చదవండి. పైపు గ్యాసు ఉన్న ఇంటికి "12ఎ, 13ఎ" అని ఉండాలి. ఎల్‌పీ అని ఉన్నది సిలిండరు గ్యాసుది, చవగ్గా సెకండ్‌హ్యాండ్‌లో దొరికిందని పైపుకి తగిలిస్తే మంట సరిగ్గా రాదు, ఆరిపోవచ్చు కూడా, ప్రమాదం. గ్యాసు కనెక్షన్ తెరవడానికి కంపెనీ మనిషి వచ్చేటప్పుడు మీలో ఒకరు ఇంట్లో ఉండాలి, ఆ టైము ముందే బుక్ చేసుకోకపోతే మొదటి రోజు వేణ్ణీళ్ళు కూడా రావు.

గోంగూర, ఆవకాయ గట్టిగా సీలు చేసి పెట్టుకోండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, రొయ్యల్లో కలిపిన ఖీమా ఏదీ వద్దు. జపాన్‌లోకి మాంసం వండినదైనా సరే, తనిఖీ పత్రం లేకుండా రానివ్వరు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు, జరిమానా కూడా ఉంది. తాజా కరివేపాకు, పచ్చిమిర్చి కూడా సంచిలో వేసుకోవద్దు. సోనా మసూరి, కందిపప్పు, మినప్పప్పు స్టేషన్ చుట్టుపక్కల ఇండియన్ కొట్లలో దొరుకుతాయి, మోసుకెళ్ళే పనిలేదు.

తోజాయ్

రైలు సంగతి ఎవరూ వివరంగా చెప్పలేదు. తోజాయ్ లైన్‌లో ఓతెమాచికి పావుగంట, మారక్కర్లేదు. కానీ 2019 లెక్కల్లో ఆ లైన్ కిబా, మోంజెన్‌నకాచో మధ్య ఉదయం 199 శాతం రద్దీతో, అంటే పట్టేవాళ్ళకి దాదాపు రెండింతల జనంతో నడిచింది. కొన్ని స్టేషన్లు వదిలేసే ర్యాపిడ్ బండి నిషికసాయ్‌లో ఆగదు. ఉదయం నడిచే కమ్యూటర్ ర్యాపిడ్ ఆగుతుంది. మీవారిని ఏడున్నర లోపే ఎక్కమనండి.

బాబుకి సీబీఎస్‌ఈ కావాలంటే 2006లో మొదలైన గ్లోబల్ ఇండియన్ స్కూలు నిషికసాయ్‌లోనే ఉంది. 2004 నాటి ఇండియా ఇంటర్నేషనల్ స్కూలు పక్క వార్డు కోతోలో. అడ్మిషన్ ఖాయం అయ్యాకే లీజు మీద సంతకం పెట్టండి, సీటు లేక ఇల్లు మారినవాళ్ళున్నారు. చుట్టూ తెలుగే వినాలని లేకపోతే ఫునబోరి కూడా చూడండి. లైను వేరు, ఇస్కాన్ గుడి ఉంది, నిషికసాయ్‌కి బస్సు ఉంది. వరద విషయంలో మాత్రం అదీ పల్లమే.

ఆదివారాలు బాబుని గ్యోసెన్ పార్కుకి తీసుకెళ్ళండి. లోపల చిన్న జూ ఉంది, టికెట్ లేదు. సోమవారం మూసేస్తారు.