మెలనీషియా ఫుట్‌బాల్ జట్లకు తమలో తాము ఆడుకునే చిన్న కప్పు అవసరమా?

అలలతీరం:
ఫిజీ, పాపువా న్యూగినీ, సాల్మన్ దీవులు, వనువాటు, న్యూ కాలెడోనియా వంటి పసిఫిక్ మహాసముద్రంలోని మెలనీషియా దీవుల ఇరుగుపొరుగు జట్లు తమలో తాము తలపడడానికి 1988లో మెలనీషియా కప్ మొదలైంది. 2000 తర్వాత అది ఆగిపోయింది. 2008లో సాల్మన్ దీవులు, వనువాటు, పాపువా న్యూగినీల కోసం వాన్‌టోక్ కప్ వచ్చింది. 2022లో మెలనీషియా దేశాల కూటమి పేరిట, వనువాటు రాజధాని పోర్ట్ విలాలో, ప్రధానమంత్రుల కప్‌గా అలాంటి పోటీయే మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఇన్నేళ్ళు ఆడి సాధించిందేమిటన్నదే నా ప్రశ్న. 2024 నవంబరులో హామిల్టన్‌లో వనువాటు 8–1 తేడాతో, 2025 మార్చిలో వెల్లింగ్టన్‌లో ఫిజీ 7–0 తేడాతో న్యూజిలాండ్ చేతిలో ఓడాయి. పొరుగువారితో ఆడడానికి పెట్టే డబ్బును బలమైన జట్లతో మ్యాచ్‌లకు పెట్టడమే మేలని నేను నమ్ముతున్నాను.

మధ్యగీత:
నేనూ అదే అంటాను. 2026 జనవరిలో ఎనిమిది క్లబ్బులతో ఓషియానియా ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. జీతం తీసుకుని ఆడే అవకాశం వచ్చాక ఈ చిన్న కప్పు పాత అలవాటుగా మిగులుతుందే తప్ప, ఆటకు కొత్తగా చేసే మేలు ఉండదు.

గోదారిగట్టు:
అలలతీరం గారూ, మీరు చెప్పిన స్కోర్లు నిజమే. వాటిని బట్టి మీరిచ్చిన తీర్పే నాకు సమ్మతం కాదు. ఏడు గోల్స్ సమర్పించుకున్న జట్టు ఆ తొంభై నిమిషాల్లో నేర్చుకునేది చాలా తక్కువ. ఆట చేయి జారిపోయాక డిఫెండర్లకు మిగిలేది పెనాల్టీ ఏరియాలో గుమిగూడి బంతిని దూరంగా తన్నేయడమే. ఒక్క గోలు ఆధిక్యాన్ని చివరి పదిహేను నిమిషాలు ఎలా నిలబెట్టుకోవాలో, వేగం ఎప్పుడు తగ్గించాలో, అలసిన ఆటగాణ్ణి ఏ క్షణంలో బయటికి పిలవాలో తెలియాలంటే, ఫలితం చివరిదాకా తేలని మ్యాచ్‌లు ఆడాలి. అటువంటి మ్యాచ్‌లు ఈ జట్లకు సమఉజ్జీలతోనే దొరుకుతాయి.

సాల్మన్ దీవుల రాజధాని హొనియారాలోని లాసన్ తామా మైదానాన్ని ఒక్కసారి ఊహించుకోండి. ఒక పక్క గ్యాలరీకి బదులు కొండవాలు ఉంటుంది. జనం ఆ వాలు మీదే కూర్చుని, మైదానం మీదికి వంగినట్టుగా ఆట చూస్తారు. 2010 ప్రపంచ కప్‌లో ఇటలీని 1–1తో నిలువరించి, మూడు మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా తిరిగివచ్చిన న్యూజిలాండ్, రెండేళ్ళకు ఆ వాలు ఎదుటే, ఓషియానియా జాతీయ జట్ల పోటీ అయిన నేషన్స్ కప్ సెమీఫైనల్లో న్యూ కాలెడోనియా చేతిలో 2–0తో ఓడిపోయింది. ఎండ కూడా గట్టిగా పనిచేసిందనడంలో సందేహం లేదు, కానీ ఎండ గోల్స్ వేయదు. బెర్ట్రాండ్ కాయ్, జార్జ్ గోపె-ఫెనెపెజ్ వేశారు. మళ్ళీ 2025 మార్చిలో ఆక్లాండ్‌లో ప్రపంచ కప్ బెర్తు కోసం జరిగిన ఫైనల్లో అదే న్యూ కాలెడోనియా 3–0తో ఓడింది. అయితే మొదటి గంటసేపు న్యూజిలాండ్‌కు ఒక్క గోలూ దక్కనివ్వలేదు. వెల్లింగ్టన్ స్కోరును ఎత్తిచూపేవారు, ఆ తర్వాత మూడు రోజులకే ఆడిన ఈ గంటను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మధ్యగీత గారు చెప్పిన లీగ్ మంచిదే. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఆ ఎనిమిది క్లబ్బులలో ఫిజీ, పాపువా న్యూగినీ, సాల్మన్ దీవులు, వనువాటులకు ఒక్కొక్కటి ఉండగా, న్యూ కాలెడోనియాకు ఒక్కటీ లేదు. ఇటీవలి కాలంలో మెలనీషియా నుంచి ప్రపంచ కప్‌కు అంత దగ్గరగా వెళ్ళిన జట్టుకే అందులో చోటు లేనప్పుడు, ఆ లీగ్ జాతీయ జట్ల కప్పుకు ప్రత్యామ్నాయం ఎలా అవుతుంది?

పొరుగువారితో ఏటేటా ఆడడం వల్ల ఒరిగేదేమీ లేదన్న మాటకు ఫిజీ చరిత్రే సమాధానం. అక్కడ ఫుట్‌బాల్‌ను పెంచి పోషించినవారిలో చెరకు తోటల పనికి వెళ్ళిన మనవాళ్ళ సంతతి ముఖ్యమైనది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన తెలుగు, తమిళ కుటుంబాల వారసులూ వారిలో ఉన్నారు. 1938లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఏర్పడినప్పుడు దాని పేరులోనే ‘ఇండియన్’ అన్న మాట ఉండేది. ఆ ఏడాదే మొదలైన జిల్లాల టోర్నమెంట్ ఈనాటికీ ఆ దేశ ఫుట్‌బాల్‌కు వెన్నెముక. మన ఇండియన్ సూపర్ లీగ్‌లో గోల్స్ వర్షం కురిపించిన రాయ్ కృష్ణ పుట్టి పెరిగిన లంబాసా కూడా ఆ టోర్నమెంట్‌లో ఆడే జిల్లానే. చిన్న పోటీలను చిన్నచూపు చూస్తే ఇలాంటి ఆటగాళ్ళు ఎక్కడ తయారవుతారు?

అలలతీరం:
న్యూ కాలెడోనియా గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఈ కప్పుకు విలువ రావాలంటే 1998, 2000లలో చేసినట్టు దాన్ని నేషన్స్ కప్‌కు అర్హత పోటీగా మార్చాలి కదా. ఏ లక్ష్యమూ లేని కప్పుకు ఆటగాళ్ళు ప్రాణం పెట్టి ఆడతారా?

గోదారిగట్టు:
సరిగ్గా ఆ పనే చేయకూడదని నా వాదన. 2000లో మెలనీషియా కప్ గెలిచి అర్హత సంపాదించిన ఫిజీ, మే నెలలో దేశంలో తిరుగుబాటు రావడంతో నేషన్స్ కప్‌కు వెళ్ళలేకపోయింది. ఫిజీ రాజధాని సువాలో జరగవలసిన ఆ పోటీ తాహితీలోని పపీటేకు తరలిపోయి, ఫిజీ స్థానం వనువాటుకు దక్కింది. 2024లో రాజధాని నౌమియాలో జరిగిన అల్లర్ల వల్ల న్యూ కాలెడోనియా కూడా నేషన్స్ కప్ నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఇంత సున్నితమైన ప్రాంతంలో ఒక్క కప్పు మీదే అన్నీ ముడిపెట్టడం ఆటగాళ్ళకు అన్యాయం. అర్హతకు వేరే దారి ఉండనివ్వండి.

ప్రాణం పెట్టి ఆడతారా అన్నారు. వాన్‌టోక్ అంటే ఆ దీవుల పిజిన్ భాషల్లో ఒకే మాట మాట్లాడేవాడు, అంటే మనవాడు. మనవాడి చేతిలో ఓడిపోయి ఊరికి తిరిగి వెళ్ళడం ఎంత కష్టమో పక్క ఊరితో పందెం కాసి ఆడిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఏటా ఒకే నగరంలో పది రోజులు ఈ కప్పు జరపాలన్నదే నా కోరిక. వచ్చేసారి ఆ నగరం నౌమియా అయితే మరీ సంతోషిస్తాను.